కొత్త గోడ రంగుకు ఎప్పుడు సిద్ధమవుతుంది?

వైశాఖంలో గృహప్రవేశం చేసుకున్న ఇల్లు కార్తీకం నాటికి ఎలా ఉంటుందో తెలియాలంటే నంద్యాల, ఆళ్లగడ్డ శివార్లలో వెలిసిన కొత్త కాలనీల్లో కాసేపు తిరిగితే చాలు. కొన్ని ఇళ్లలో మోకాలెత్తు దాకా రంగు పెచ్చులు లేచి ఉంటుంది. కిటికీ కింద చేత్తో తుడిస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. ఇష్టపడి నీలం రంగు వేయించుకున్న గదిలో పాలిపోయిన మరకలు కనిపిస్తాయి. ఇంటాయన రంగు కంపెనీని తిడతాడు. పెయింటరు మేస్త్రీ మీదికి తోస్తాడు. మేస్త్రీ ఇసుక మీదికి నెడతాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ చాలాచోట్ల జరిగేది ఒక్కటే. గోడ పచ్చిగా ఉండగానే దానికి రంగు పూస్తున్నారు.

తడి ఒక్కటే సమస్య అనుకుంటే సగమే తెలిసినట్టు. ప్లాస్టరింగ్ అయిన గోడలో మూడు పనులు ఒకేసారి మొదలవుతాయి. సిమెంటు నీటిని పట్టుకుని గట్టిపడుతుంది. దానికి అక్కర్లేని నీళ్లు బయటికి పోతాయి. లోపల పుట్టిన సున్నం గాలిని పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. మొదటి పని చాలావరకు నెలలోపు అవుతుంది. రెండోదానికి వాతావరణాన్ని బట్టి వారాలు, నెలలు పడతాయి. మూడోది ఏళ్ల తరబడి సాగుతుంది. రంగు నిలవాలంటే మొదటిది ముగియాలి, రెండోది దాదాపు ముగియాలి, మూడోది కనీసం పైపొరలోనైనా జరిగి ఉండాలి.

ఈ మూడో పని సంగతి చెప్పుకోవడానికి నంద్యాల జిల్లా కంటే మంచి చోటు దొరకదు. ఇక్కడి నేలే సున్నపురాయి నేల. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరల మీద 1872లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఈ ప్రాంతపు పొరలకు నేటికీ మన ఊళ్ల పేర్లే వాడుకలో ఉన్నాయి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. బేతంచెర్ల నాపరాళ్లు పరచని ఇల్లు రాయలసీమలో అరుదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఈ సున్నపురాతిని నీళ్లు కరిగించగా ఏర్పడ్డవే. బుగ్గానిపల్లె పక్కన సిమెంటు ఫ్యాక్టరీ వచ్చాక సిమెంట్ నగర్ అనే ఊరే వెలిసింది. మన గోడకు పూసే సిమెంటులో అధిక భాగం ఇలాంటి రాయే.

ముందు సున్నం సంగతి చూద్దాం. సిమెంటు కథ దాని వెనకే వస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాతిని బట్టీలో 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోయి 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి, వేడెక్కి, 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోల తడి సున్నం అవుతుంది. దీన్ని గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్లీ పీల్చుకుంటూ, కలుపుకున్న 18 కిలోల నీటిని వదిలేస్తూ, చివరికి మళ్లీ 100 కిలోల సున్నపురాయి అవుతుంది. కొండలోంచి వచ్చిన రాయి పలచటి పొరగా మారి గోడ మీద రాయిగానే నిలబడుతుందన్నమాట. ఈ లెక్కలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ చివరి మాట. సున్నం రాయిగా మారేటప్పుడు కూడా నీళ్లు బయటికి వస్తాయి. వాటికి దారి ఉండాలి.

సిమెంటు తయారీలో సున్నపురాతిని బంకమట్టి జాతి ఖనిజాలతో కలిపి దాదాపు 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. దానికి నీళ్లు తగిలినప్పుడు రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి గోడకు బలమిచ్చే కాల్షియం సిలికేట్ జిగురు. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నమే. మనం సున్నం కలపకపోయినా సిమెంటు తనంతట తాను సున్నాన్ని పుట్టిస్తుంది. అందుకే కొత్త ప్లాస్టర్ లోపలి తడి పి.హెచ్. 12.5కు తగ్గదు, ఒక్కోసారి 13 కూడా దాటుతుంది. మంచినీళ్లది 7 అనుకుంటే, ఇందులో ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా క్షారగుణం పదింతలవుతుంది. పొద్దంతా సిమెంటులో చేతులు పెట్టే బేల్దారి కూలీల అరచేతులు ఎందుకు పగిలిపోతాయో దీన్ని బట్టి తెలుస్తుంది. వాళ్లకు రబ్బరు తొడుగులు కొనివ్వడం ఇల్లు కట్టించుకునే వాళ్ల బాధ్యత అని నా గట్టి అభిప్రాయం.

గట్టిపడటం వేరు, ఆరడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల నంద్యాలలో ఏటా ఎన్నో గోడలు పాడవుతున్నాయి. సిమెంటు గట్టిపడటానికి నీళ్లు కావాలి. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరి, పొడిగాలి వీస్తుంటే, పొద్దున పూసిన ప్లాస్టర్ మధ్యాహ్నానికే తెల్లబడి ఆరినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఆరిపోయింది, గట్టిపడలేదు. సిమెంటు తీసుకోవాల్సిన నీళ్లను గాలి ఎత్తుకుపోయింది. అలాంటి గోడను అరచేత్తో రుద్దితే ఇసుక రాలుతుంది, తాళంచెవితో గీస్తే గాడి పడుతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా రంగు అంటుకునేది పొడికే గానీ గోడకు కాదు. ప్లాస్టర్‌ను కనీసం 7 రోజులు తడిగా ఉంచాలన్నది దీర్ఘకాలంగా ఉన్న భారతీయ ప్రమాణం. మన వేసవికి పది రోజులు తడిపితే ఇంకా మంచిది. రోజుకు రెండుసార్లు పైపు పట్టి చేతులు దులుపుకుంటే చాలదు. ఎండ తగిలే పడమటి గోడకు గోనెపట్టాలు వేలాడదీసి వాటిని తడుపుతూ ఉండాలి.

ఆ తర్వాత తడపడం ఆపి ఆరనివ్వాలి. ఎంత నీళ్లు ఆరాలో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 10 చదరపు మీటర్ల గోడకు, అంటే ఒక మామూలు గదిలో ఒక పక్క గోడకు, 12 మిల్లీమీటర్ల మందాన ఒకటికి ఆరు పాళ్ల మాలు పూశారనుకోండి. ఆ మాలులో రమారమి 30 కిలోల సిమెంటు, 30 లీటర్లకు పైగా నీళ్లు ఉంటాయి. సిమెంటు శాశ్వతంగా కట్టుకోగలిగిన నీళ్లు దాని బరువులో నాలుగో వంతుకు మించవు. అంటే ఏడెనిమిది లీటర్లు. మిగిలిన ఇరవై పైచిలుకు లీటర్లు ఆవిరై పోవాల్సిందే. దీనికి తోడు పది రోజులు మనం కొట్టిన నీళ్లు ఉన్నాయి. వెనకనున్న ఇటుకలు తాగిన నీళ్లు ఉన్నాయి. నాలుగు గోడలకూ కలిపి చూస్తే ఒక్క గదిలోంచే డ్రమ్ము నీళ్లు బయటికి వెళ్లాలి. కిటికీలకు తలుపులు బిగించేసి, తాళం వేసి ఊరికి వెళ్లిపోతే అవి ఎక్కడికీ పోవు. రంగుల కంపెనీలు మామూలుగా 4 నుంచి 6 వారాలు ఆగమంటాయి. ఆ మాట పొడి వాతావరణానికి, గాలి ఆడే ఇంటికి సరిపోతుంది. ముసురు పట్టిన ఆగస్టుకు ఆ లెక్క సరిపోదు.

గోడ ఆరిందో లేదో చూపుతో చెప్పడం కష్టం. పైపొర ముందు ఆరుతుంది, లోపల తడి నిలిచే ఉంటుంది. దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. అమెరికాలో కాంక్రీటు పనివాళ్ల కోసం ప్రమాణంగా రాసుకున్నదే, మన గోడలకూ పనికొస్తుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న దళసరి పాలిథిన్ ముక్క తీసుకుని, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా గోడకు అతికించాలి. కనీసం 16 గంటలు, తేలిగ్గా గుర్తుండేలా చెప్పాలంటే సాయంత్రం నుంచి మరునాటి మధ్యాహ్నం దాకా, అలాగే వదిలేయాలి. విప్పినప్పుడు లోపలి వైపు నీటి బొట్లు కనిపించినా, అంత మేర గోడ రంగు ముదిరినా తడి ఇంకా ఉన్నట్టే. ఈ పరీక్ష ఒక్కచోట చేస్తే చాలదు. నేలకు జానెడు ఎత్తులో ఒకటి, బాత్‌రూం గోడకు అవతలి వైపు ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి చేయాలి.

క్షారానికి పరీక్ష మన వంటింట్లోనే ఉంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. తర్వాత రంగు కిందికో, అల్మారా వెనక్కో పోయే మూల ఒకటి చూసుకోండి. అక్కడ ఉప్పు కాగితంతో పైపొర కాస్త గీకి, నాలుగు చుక్కల శుభ్రమైన నీళ్లు చల్లి, చిటికెడు పసుపు రుద్దండి. కొత్త గోడ మీద పసుపు చూస్తుండగానే ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఏడాది గడిచిన పొడి గోడ మీద పసుపుగానో, కొద్దిగా నారింజగానో ఉండిపోతుంది. ముందు గీకడం ఎందుకంటే, గాలి తగిలే పైపొర కొద్ది వారాల్లోనే రాయిగా మారి చల్లబడుతుంది, దాని కింద క్షారం అలాగే కాచుకుని ఉంటుంది. కచ్చితమైన అంకె కావాలనుకుంటే లేబొరేటరీ సామాన్లు అమ్మే దుకాణంలో పి.హెచ్. కాగితాలు దొరుకుతాయి. మామూలు రంగులకు 9, 10 దాటకుండా ఉంటే నిశ్చింత.

క్షారం రంగును ఏం చేస్తుంది? నూనె ఆధారంగా చేసిన ఎనామిల్ రంగయితే దాన్ని సబ్బు చేసేస్తుంది. ఇది అక్షరాలా నిజం. నూనెకూ కాస్టిక్ సోడాకూ జత కుదిరితే సబ్బు అవుతుంది కదా, పచ్చి గోడ మీద ఎనామిల్ పూసినప్పుడు జరిగేదీ అదే. ఎండిన నూనె పొర మళ్లీ మెత్తబడి, జిగటగా మారి, కొన్నిచోట్ల గోధుమరంగు చుక్కలుగా కారుతుంది. అందుకే కొత్త ప్లాస్టర్ మీద నేరుగా ఎనామిల్ వేయకూడదు. చవక రకం డిస్టెంపర్లలో, కొన్ని చవక ఎమల్షన్లలో వాడే బంధక పదార్థాలు కూడా క్షారానికి తట్టుకోలేవు. అక్రిలిక్ ఎమల్షన్లు చాలా మెరుగు. వాటి గొలుసుల వెన్నెముక కార్బన్ అణువులతో కట్టినది, క్షారం దాన్ని సులువుగా తెంపలేదు.

ఇక రంగుపొడుల సంగతి. ప్రష్యన్ బ్లూ అనే నీలాన్ని క్షారం గోధుమరంగుకు తిప్పేస్తుంది. క్రోమ్ పసుపు కూడా ఎరుపుకు తిరుగుతుంది. ఇనుము ఆక్సైడ్ల నుంచి వచ్చే కావి, జాజు, పసుపుమన్ను మాత్రం చెక్కుచెదరవు. మన పెద్దలు సున్నం కొట్టిన గోడల అడుగున జాజు పట్టీ దిద్దడంలో అందంతో పాటు రసాయన జ్ఞానం కూడా ఉంది. సున్నంలో నిలిచే రంగులేవో వాళ్లకు అనుభవంతో తెలుసు. సున్నం తెల్లగా మెరవడానికి కలిపే నీలిమందులోని అల్ట్రామెరైన్ కూడా క్షారానికి చెదరదు, ఆమ్లం తగిలితేనే వెలిసిపోతుంది. వాటికన్‌లో చిత్రకారుడు మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా సిస్టీన్ చాపెల్ కప్పు మీద వేసిన బొమ్మలు ఇదే సూత్రం మీద ఆధారపడ్డాయి. తడి సున్నపు పూత మీద నీళ్లలో కలిపిన రంగుపొడి అద్దితే, సున్నం రాయిగా మారుతూ రంగును తనలో బంధించేస్తుంది. అక్కడ వాడిన రంగులన్నీ సున్నానికి చెదరనివే కావాల్సి వచ్చింది.

పాత మిద్దెలకు గార పూసిన వెంటనే వెల్ల వేసినా ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇదే. గానుగలో నూరిన సున్నపు గారా, పైన కొట్టిన సున్నమూ ఒకే జాతి. సున్నపు పొర గాలినీ ఆవిరినీ ఆపదు. ఆరే గోడ దాని గుండా ఆరుతూనే ఉంటుంది. ఇప్పుడు మనం వేసేది ప్లాస్టిక్ పొర. కడిగినా పోదు, మెరుస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ గుణాల కోసం గోడ ఊపిరిని కొంత అడ్డుకుంటాం. మెరుపు ఎంత ఎక్కువైతే ఆవిరికి దారి సాధారణంగా అంత తక్కువ. ఈ సంగతి తెలిసి వాడితే ఇబ్బంది లేదు.

గోడ మీద లేచిన ఒక పొక్కును బ్లేడుతో కోసి చూడండి. లోపల తడి, కింద ప్లాస్టర్ ఉపరితలం, రంగు వెనక వైపు పలచటి తెల్లపొడి కనిపిస్తాయి. ఎండ తగిలినప్పుడు రంగు వెనకనున్న నీరు ఆవిరై బయటికి నెడుతుంది. రంగు పొర సాగుతుంది. చల్లబడ్డాక అది తిరిగి గోడకు అతుక్కోదు. ఆ తెల్లపొడి ఉప్పు. ఉప్పు కథ ఈ ప్రాంతానికి మరీ ముఖ్యం.

కుందూ నది పరీవాహకం నిండా నల్లరేగడి నేల. కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు కింద ఏళ్ల తరబడి నీళ్లు పారిన పొలాలు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. అలాంటి నేలలో తడి, దానితో పాటు కరిగిన లవణాలు, పునాది గుండా గోడలోకి ఎక్కుతాయి. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్టు ఇటుకలోని సన్నటి రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి. మీటరు ఎత్తు దాకా తడి ఎక్కడం అసాధారణమేమీ కాదు. గోడ ఉపరితలం దగ్గర నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. బోరు నీళ్లు చప్పగా లేని చోట అవే నీళ్లతో మాలు కలిపి, అవే నీళ్లు కొట్టి, మనమే గోడలోకి మరికొంత ఉప్పు ఎక్కిస్తాం. ఇటుకలోనూ ఇసుకలోనూ ఉండేది దీనికి అదనం.

ఈ లవణాల్లో సోడియం సల్ఫేట్ అన్నిటికంటే మొండిది. పొడిగా ఉన్నప్పుడు దాని స్ఫటికాల్లో నీళ్లుండవు. తేమ తగిలి, వేడి 32.4 డిగ్రీల కంటే తక్కువగా ఉంటే, ఒక్కో అణువు పది నీటి అణువులను చేర్చుకుని నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. నంద్యాలలో ఏడాదిలో ఎక్కువ రోజులు పగటి వేడి 32 దాటుతుంది, రాత్రికి దిగుతుంది. అంటే తేమ ఉన్నన్నాళ్లూ ఈ ఉబ్బడం, కుంగడం పదేపదే జరిగే వాతావరణం మనది. ఇది రంగును లేపడంతో ఆగదు, ప్లాస్టర్‌నే పొడి చేస్తుంది.

ఇక్కడ పెయింటర్ల నోట తరచు వినిపించే మాట ఒకటుంది. “ఏం గాదులేన్నా, పైన ప్రైమర్ కొట్నామంటే ఉప్పు లోపల్నే నిల్సిపోతాది.” అన్న నమ్ముతాడు, ఎందుకంటే ముహూర్తం దగ్గరపడింది. ఉప్పు లోపల నిలిచిపోదు. తడి వస్తున్నంత కాలం ఉప్పు కూడా వస్తూనే ఉంటుంది. దారి మూసేస్తే పొర వెనకే స్ఫటికమై దాన్ని ఊడదీస్తుంది. కొత్త గోడ మీద తెల్లపొడి కనిపిస్తే ముందు చేయాల్సింది పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని ఎత్తిపారేయడం. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. వారం ఆగి మళ్లీ చూడాలి. ఒకటి రెండు సార్లు దులిపాక ఆగిపోతే అది సిమెంటూ ఇటుకా విడిచిన మొదటి ఉప్పు, భయపడాల్సిన పని లేదు. అడుగు భాగంలో మాత్రమే మళ్లీ మళ్లీ వస్తుంటే అది నేలలోంచి వస్తోంది. దానికి మందు రంగులో లేదు. బేస్‌మెంట్ ఎత్తులో తడిని ఆపే పొర వేయడంలో ఉంది. ఆ పొర పునాది దశలో చవక, ఇల్లు పూర్తయ్యాక చాలా ఖరీదు.

స్లాబు కారే చోట కింద తెల్లటి పుల్లల్లా వేలాడేవి మరో రకం. అవి బెలుం గుహల్లో వేలాడే రాళ్లకు దగ్గరి బంధువులు, రెండూ కాల్షియం కార్బొనేటే. పుట్టుకలోనే తేడా. గుహలో నీళ్లు బొగ్గుపులుసు వాయువును వదిలేస్తూ రాయిని దిగవిడుస్తాయి. స్లాబు కింద సిమెంటులోంచి కరిగి వచ్చిన సున్నం గాలిలోంచి ఆ వాయువును తీసుకుని రాయి అవుతుంది. అది కనిపించిందంటే పైన నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. కింద రంగు వేసే ముందు మిద్దె ఎక్కాలి.

నల్లరేగడి మరో చిక్కు తెస్తుంది. ఆ మట్టిలోని స్మెక్టైట్ జాతి ఖనిజాలు వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతాయి. పొలంలో నెర్రెలు ఎలా విచ్చుతాయో మన రైతులకు చెప్పనక్కర్లేదు. అదే మట్టి ఇంటి కింద కూడా కదులుతుంది. కాబట్టి గోడ మీది పగుళ్లను రెండు రకాలుగా చూడాలి. సాలెగూడులా సన్నగా అల్లుకున్నవి ప్లాస్టర్ ఆరేటప్పుడు కుంచించుకుపోయి వచ్చినవి. ఇసుకలో మన్ను ఎక్కువైనా, సిమెంటు మరీ ఎక్కువేసినా ఇవి పెరుగుతాయి. లప్పంతో సరిపోతాయి. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పరుగెత్తి, ఎండాకాలం విచ్చుకుని వానాకాలం మూసుకునేవి పునాది కదలిక వల్ల వచ్చినవి. వాటిని లప్పంతో మూస్తే మరుసటి ఏడు మళ్లీ అక్కడే తెరుచుకుంటాయి. ముందు ఇంజనీరును పిలవాలి, రంగు తర్వాతి మాట.

ఇవన్నీ సరిచూసుకున్నాక అసలు పని పెద్ద కష్టం కాదు. గోడ మీద నిలిచిన మాలు బొట్లను గీకి, ఉప్పు కాగితంతో పైపైన రుద్ది, పొడి లేకుండా తుడవాలి. లప్పం దగ్గర ఒక గందరగోళం ఉంది. తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీ అయితే నేరుగా ప్లాస్టర్ మీదే, గోడను కాస్త తడి చేసి పెట్టాలి. అది గట్టిపడటానికి దానికీ నీళ్లు కావాలి. అక్రిలిక్ లప్పం అయితే ముందు ప్రైమర్, తర్వాత లప్పం. డబ్బా మీద ఏ రకమో చూడకుండా ఒకదాని పద్ధతిలో మరొకటి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. సిమెంటు పుట్టీ రెండు పూతలూ కలిపి మిల్లీమీటరున్నర మించకూడదు. మేస్త్రీ వదిలేసిన ఎత్తుపల్లాలను సర్దడానికి పుట్టీ కాదు, ప్లాస్టరే వాడాలి. బయటి గోడలకు, బాత్‌రూం గోడలకు సుద్దతో చేసిన పాతకాలపు లప్పం వద్దు. తడి తగిలితే అది మెత్తబడుతుంది.

ప్రైమర్ మాత్రం క్షారాన్ని తట్టుకునేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. ముందు చెప్పినట్టు, గోడ లోపల క్షారం పూర్తిగా పోవాలంటే ఏళ్లు పడుతుంది. అంతకాలం ఎవరూ ఆగలేరు. తడి పోయేదాకా ఆగి, మిగిలిన క్షారాన్ని ప్రైమర్‌కు అప్పగించడమే ఆచరణలో సాధ్యమయ్యే దారి. ఆ తర్వాత రెండు పూతల ఎమల్షన్. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది. ఎమల్షన్ అంటే నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు. నీళ్లు పోతుంటే అవి ఒకదానికొకటి దగ్గరై కలిసిపోయి పొరగా ఏర్పడతాయి. కాలుతున్న గోడ మీద వేస్తే కలిసిపోయే వ్యవధి దొరకదు, పొర బలహీనమవుతుంది. కాబట్టి పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ చేయించుకోవాలి. పెయింటర్లు ఎండలో ఉడికిపోకుండా ఉండటానికి కూడా ఈ పద్ధతే మేలు.

జిప్సం ప్లాస్టర్ చేయించుకున్నవాళ్లకు ఈ క్షారం గొడవ చాలావరకు ఉండదు. అది దాదాపు తటస్థం, త్వరగా ఆరుతుంది. కానీ నీటికి ఓర్చుకోలేదు కనుక బయటి గోడలకు, నేలతడి ఎక్కే గోడలకు పనికిరాదు.

ఆరోగ్యం గురించి ఒక మాట. పుట్టీ రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు లేకుండా ఆ పని చేయించకూడదు, పసిపిల్లలను ఆ గదుల్లోకి రానివ్వకూడదు. తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్ రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. 2017 నవంబరు 1 నుంచి ఆ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పేరు లేని చవక డబ్బాలు కొనేముందు సీసం ఆ హద్దు దాటలేదన్న ముద్ర ఉందేమో చూడండి. పాత ఇంటి తలుపుల రంగును పొడిగా గీకవద్దు, తడిపి గీకాలి.

చివరికి అసలు చిక్కు కాలం దగ్గరే. “అయ్యవారు ముహూర్తం పెట్టినాడు మేస్త్రీ, ఇరవై దినాల్లో రంగుతో సహా అయిపోవల్ల” అన్నప్పుడు మేస్త్రీ కాదనలేడు. ముహూర్తాన్ని మార్చమని నేను అనడం లేదు. గృహప్రవేశానికి పాలు పొంగడం ముఖ్యం గానీ, గోడకు రాయల్ నీలమో గులాబీ రంగో ఉండటం ముఖ్యం కాదు. ప్లాస్టర్‌కు నెల కూడా నిండని ఇంటికి తెల్ల సిమెంటు ఒక పూత వేసి తడిపి వదిలేయండి. ఇల్లు తెల్లగా శుభ్రంగా ఉంటుంది, గోడ ఆవిరికి దారి ఉంటుంది, దాని మీద రేపు ప్రైమర్ బాగా పట్టుకుంటుంది. మామూలు సున్నం కొట్టకండి. అది పొడిలా రాలుతుంది గనుక తర్వాత ఎమల్షన్ నిలవాలంటే మొత్తం గీకాల్సి వస్తుంది.

ఒక వానాకాలం గడవనివ్వండి. గోడ ఎక్కడ కారుతుందో, ఎక్కడ ఉప్పు పూస్తుందో, ఏ పగులు కదులుతుందో ఆ నాలుగు నెలల్లో తెలిసిపోతుంది. లోపాలు సరిదిద్దడానికి అదే సరైన అదను. దీపావళి దాటాక పొడిగాలి మొదలవుతుంది. పాలిథిన్ పరీక్ష చేసి, పసుపు రుద్ది చూసి, అప్పుడు రంగు వేయించండి. సంక్రాంతి నాటికి ముగుస్తుంది. ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్లు ముహూర్తం పెట్టించుకోవడానికి వెళ్లేటప్పుడే ప్లాస్టరింగ్ ముగిసే తేదీని కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ తేదీకీ రంగు మొదలుపెట్టే తేదీకీ మధ్య, ఎండాకాలమైనా సరే, ఆరు వారాలకు తగ్గకుండా చూసుకోండి.